గుమ్మంలోనే అడిగేసే మనిషి

అమెరికాలో మా మోరిస్‌విల్ గుడి వాట్సాప్ గ్రూపులో ఒక ఆదివారం పొద్దున ఆవిడ ఫోటో వచ్చింది. కింద ఓం శాంతి అంటూ చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. ఫోటోలో కూడా ఆవిడ నవ్వడం లేదు. ఎవరో కొత్తవాళ్ళు "ఈవిడ ఎవరండీ?" అని అడిగారు. "రూములు అద్దెకిచ్చే ఆంటీ" అని ఇంకెవరో రాశారు. ఆ వెంటనే సాయంత్రం పాట్‌లక్‌కి పులిహోర ఎవరు తెస్తున్నారనే చర్చ మొదలైంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక నిండు మనిషిని రెండు ముక్కల్లో తేల్చేసి పులిహోరలో పడ్డారు. ఫోన్ సోఫాలోకి గిరాటేసి చాలాసేపు వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను.

ఆవిడ పేరు నాకు తెలుసు. కానీ ఏనాడూ ఆ పేరుతో పిలవలేదు, ఇప్పుడు రాయబుద్ధీ కావడం లేదు. నాకు ఆవిడంటే గుమ్మంలో అడ్డంగా నిలబడ్డ మనిషి. కాటన్ చీర, దాని మీద జిప్పు స్వెట్టర్, బొడ్లో దోపిన తాళాలగుత్తి. ఒక చెయ్యి తలుపు మీద ఉండేది. తలుపు సగమే తెరిచి ఉండేది.

"ఎప్పుడు వెళ్తున్నారు?"

ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ మొదటి ప్రశ్న అదే. రండి, కూర్చోండి, ప్రయాణం బాగా జరిగిందా, ఇవన్నీ తర్వాత. నేను ఆ ఇంట్లో పైగది అద్దెకు తీసుకున్న కొత్తలో షార్లెట్ నుంచి నా స్నేహితురాలూ వాళ్ళాయనా స్వీట్ బాక్స్ పట్టుకుని వచ్చారు. ఆయన వంగి ఒక బూటు విప్పాడు, రెండోది విప్పబోతున్నాడు. ఆవిడ అడిగేసింది. ఆయన ఒంటికాలి మీద నిలబడి నావైపు చూశాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"ఆదివారం ఆంటీ," అన్నాడు.

"ఆదివారం పొద్దున్నా, సాయంత్రమా?"

"సాయంత్రం."

"సరే, రండి లోపలికి. కాఫీలో పంచదార ఎంత?"

ఆ తర్వాత వాళ్ళకి ఆవిడ పెట్టిన మర్యాద ఇంతా అంతా కాదు. పెసరట్లు తనే పోసింది, పక్కలు తనే వేసింది, పోతుంటే గోంగూర పచ్చడి సీసా చేతికిచ్చింది. అయినా వాళ్ళు ఊరంతా చెప్పుకున్నది మాత్రం ఆ మొదటి మాటే. ఆ రోజు నేను ఉండబట్టలేక అడిగాను.

"మనవాళ్ళలో ఎవరైనా అలా అడుగుతారా ఆంటీ?"

"అడగరు. అందుకే నేను అడుగుతాను. లోపలికొచ్చి, చెప్పులు విప్పి, మన చేతి కాఫీ తాగాక ఇంక అడగడానికి నోరు రాదమ్మాయ్. అడిగే వీలున్నది గుమ్మంలోనే."

ఆవిడ కౌంటీ లైబ్రరీలో పనిచేసి రిటైరయింది. తిరిగొచ్చే తేదీ వెయ్యకుండా చిన్నపిల్లల బొమ్మల పుస్తకం కూడా బయటికి పంపనివ్వలేదట ఆవిడ. మనుషులకీ అదే లెక్క అనుకునేదాన్ని. భర్త పోయారు. ఒక్కతే కూతురు, కాలిఫోర్నియాలో డబ్లిన్‌లో ఉంటుంది. కింద గదిలో ఆవిడ, పైన రెండు గదుల్లో నేనూ, సింధు అనే ఇంకో అమ్మాయీ. వంటిల్లూ, హాలూ అందరివీ. అయితే ఆ హాల్లో సోఫాలో ఆవిడ కూర్చోగా నేను చూడలేదు. కాఫీ కూడా వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడే తాగేది. చెప్పుల స్టాండు చూసి ఇంట్లో ఎవరున్నారో, ఎవరు తడిసి వచ్చారో, ఎవరు కోపంగా వచ్చారో చెప్పేసేది. మా అగ్రిమెంట్‌లో అతిథుల గురించి ఒక పేరా ఉండేది. సంతకం పెట్టేముందు దాన్ని మా చేత పైకి చదివించింది. తనకి చెప్పకుండా బయటివాళ్ళు రాత్రిపూట ఉండకూడదని దాని సారాంశం.

సింధుది కరీంనగర్. మాస్టర్స్ అయిపోయింది, చదువయ్యాక కొన్నాళ్ళు పనిచేసుకోనిచ్చే ఓపీటీ మీద ఉద్యోగం వెతుక్కుంటోంది. ఎవరైనా తన కాలు తొక్కితే తనే సారీ చెప్పే రకం. ఇంటర్వ్యూ చేసినవాళ్ళు కాదంటే వాళ్ళకి ఎదురు థాంక్స్ రాసేది. ఆంటీకి ఆ అమ్మాయంటే ఇష్టం, ఆ ఇష్టమంతా కసుర్ల రూపంలో బయటికొచ్చేది. "నీకు కాదు అనే మాట ఏ క్లాసులోనూ చెప్పలేదా తల్లీ," అనేది. సింధు నవ్వేసి, ఆవిడ పెట్టిన రెండో గరిటె కూర కూడా తినేసేది.

ఆ ఏడాది కూతురి పురుటికని ఆంటీ డబ్లిన్ వెళ్ళింది. వెళ్తూ మాకు చెత్తబుట్ట బయటపెట్టే రోజూ, తులసి కుండీకి నీళ్ళూ అప్పజెప్పింది. ఆవిడ లేని ఆ రోజుల్లోనే సింధు వాళ్ళ అన్న వచ్చాడు. పెదనాన్న కొడుకు. డల్లస్‌లో ఉద్యోగం పోయింది. "రెండు దినాలేనక్కా, ఇంటర్వ్యూ ఉందట," అంది సింధు నాతో. అతను గరాజ్ ముందు దిగినప్పుడు రెండు పెద్ద సూట్‌కేసులూ, ఒక రైస్ కుక్కర్ పెట్టే ఉన్నాయి. రెండు రోజుల కోసం రైస్ కుక్కర్ ఎవరూ మోసుకురారు. అది మా ఇద్దరికీ కనిపించింది. ఇద్దరమూ ఏమీ అడగలేదు. వచ్చినవాణ్ణి ఎప్పుడు పోతావని అడిగే అలవాటు మన ఇళ్ళల్లో లేదు కదా.

మొదట్లో మంచిగానే ఉన్నాడు. లాన్ కత్తిరించాడు. నా కారు టైర్లో గాలి చూశాడు. సింధు తన గది అతనికిచ్చి, నా గదిలో కింద పరుపు వేసుకుంది. ఆంటీకి ఫోన్‌లో చెప్పు అని నేనంటే, "వచ్చినంక చెప్త అక్కా, పురుడు టైంల ఎందుకు," అంది. తర్వాత అతని పేరు మీద ఉత్తరాలు రావడం మొదలైంది. డ్రైవింగ్ లైసెన్స్ అడ్రస్ మార్పించుకున్నాడు, బ్యాంకు కార్డు తెప్పించుకున్నాడు.

ఆంటీ తిరిగొచ్చిన సాయంత్రం నేను మెట్ల మీదే ఉన్నాను. ఆవిడ క్యాబ్ దిగి, డోర్ తీసి, స్టాండు వైపు చూసింది. పెద్ద బూట్లు, లేసులు వదులుగా వేలాడుతున్నాయి.

"ఎవరివి ఇవి?"

జవాబు చెప్పే వ్యవధి నాకు దొరకలేదు. అతను లోపల్నించి గబగబా వచ్చి, క్యాబ్‌లోంచి ఆవిడ పెట్టె దించి తెచ్చి, గుమ్మంలోనే వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "నేను సింధు వాళ్ళ అన్నను ఆంటీ. మీ గురించి మస్తు చెప్తది," అన్నాడు. ఆవిడ చెయ్యి దానంతటదే అతని తల మీదికి వెళ్ళింది. "చల్లగా ఉండు నాయనా," అంది. ఇంకేం అడుగుతుంది? దీవించిన నోటితోనే ఎప్పుడు పోతావని అడగలేకపోయింది. ఎవరికీ లొంగని ఆ మనిషి ఒక్క నమస్కారానికి దొరికిపోయింది.

మర్నాడు అతని పేరుతో ఏదో కవరు వచ్చింది. డబ్బాలో ఆ పేరు లేదని ఇకమీదట వచ్చేవి పోస్టతను తిప్పి పంపిస్తాడేమోనని, ఆవిడే ఒక కాగితం ముక్క మీద అతని పేరు ఇంగ్లీషులో రాసి మెయిల్ బాక్స్ లోపల అతికించింది. ఇంట్లో ఉన్న మనిషి ఉత్తరం వెనక్కి పోవడం మర్యాద కాదని ఆవిడ ఉద్దేశం. బయటికి వెళ్ళొచ్చినప్పుడు గుమ్మంలో నిలబడాల్సి వస్తుందని తాళం చెవి కూడా ఒకటి ఇచ్చింది.

ఇంట్లో గాలి మారడం నెమ్మదిగా జరిగింది. హాల్లో సోఫా అతనిదైపోయింది. టీపాయ్ మీద కాళ్ళు చాపి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి గంటలకొద్దీ మాట్లాడేవాడు. హీటర్ అతనికి నచ్చినంత పెట్టేవాడు. ఇంటి వెనక డెక్ మీద సిగరెట్ పీకలు కనబడసాగాయి. ఒకరోజు పార్సిల్ తెచ్చినతను "ఇల్లు మీదేనా?" అని అడిగితే "యెస్, మై హౌస్," అన్నాడు, నేను వింటుండగానే. నేను స్నానానికి వెళ్ళే వేళలు మార్చుకున్నాను. సింధు అసలు కిందికి రావడమే తగ్గించింది. ఎప్పుడొచ్చినా "ఏం కూర?" అనేవాడు.

ఆంటీ మన పద్ధతిలోనే కదిపి చూసింది. "ఉద్యోగం ఏమైనా తెలిసిందా బాబూ?" అంది. "చూస్తున్న ఆంటీ." "డల్లస్‌లో సామానేమైనా ఉండిపోయిందా?" "అంత ఇక్కడికే తెచ్చుకున్న." "వచ్చే వారం మా చుట్టాలొస్తామంటున్నారు." "రానీయండి, కలుద్దాం," అన్నాడు నవ్వుతూ.

ఒక సాయంత్రం ఆంటీ గుడి నుంచి వచ్చింది. చేతిలో ప్రసాదం పొట్లం. తాళం తిరిగింది గానీ తలుపు తెరుచుకోలేదు, లోపల గొళ్ళెం వేసి ఉంది. బెల్ కొట్టింది. నేను పైనుంచి దిగేలోగా అతను సోఫాలోంచి లేచి, తీరుబడిగా నడిచి, గొళ్ళెం తియ్యకుండానే లోపల్నించి అడిగాడు.

"ఎవరు?"

"నేను," అంది ఆవిడ.

తలుపు తీసి "సారీ ఆంటీ, చూసుకోలేదు," అన్నాడు. కావాలనే అన్నాడో, అలవాటుగా అన్నాడో ఇప్పటికీ నాకు తెలీదు. ఆవిడ మాత్రం తెల్లబోయి నిలబడింది. తన గుమ్మంలో, తన ఇంటి బయట, ఎవరని అడిగించుకుంది. ప్రసాదం మాకెవరికీ పెట్టకుండా అలాగే వంటగట్టు మీద వదిలేసి గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆవిడ తిన్నగా అతని ఎదురుగా వెళ్ళి నిలబడింది. "బాబూ, నువ్వింక వేరే చోటు చూసుకో," అంది. అతను కాళ్ళు తియ్యలేదు.

"చూసుకుంట ఆంటీ. కానీ మీరు పొమ్మంటే పోయేటట్టు లేదిప్పుడు. లైసెన్స్ ఈ అడ్రస్ మీదనే ఉంది. పోస్టు డబ్బాల నా పేరు మీరే రాసిన్రు. తాళం చెవి మీరే ఇచ్చిన్రు. నన్ను పంపాలంటే కోర్టుకు పోవాలె. నేను అడిగి తెలుసుకున్న."

గొంతు పెంచలేదు. అందుకే భయమేసింది నాకు.

ఆంటీ పోలీసుకి ఫోన్ చేసింది. ఒకాయన వచ్చి, లైసెన్స్ చూసి, తాళం చెవి చూసి, ఇతను ఇక్కడ ఉంటున్నట్టే లెక్క, ఇది కోర్టు తేల్చాల్సిన వ్యవహారం, మా చేతుల్లో లేదు అని వెళ్ళిపోయాడు. అతను పోలీసాయన్ని వాకిలి దాకా సాగనంపి "థాంక్యూ ఆఫీసర్," అన్నాడు. ఆవిడ నన్ను వెంటబెట్టుకుని ఒక లాయర్ దగ్గరికి వెళ్ళింది. తాళాలు మార్చకండి, సామాను బయట పెట్టకండి, కరెంటు ఆపకండి, అలా చేస్తే తప్పు మీదవుతుంది అన్నాడు లాయర్. మీకు అతనితో ఏ ఒప్పందమూ లేదు, ఒప్పందం ఉన్నది సింధుతో, ఆమె మీ షరతు తప్పింది కాబట్టి కేసు ఆమె మీద వెయ్యాలి, ఆమె పోతే ఆమె అతిథీ పోతాడు అన్నాడు.

"అమ్మాయికేమవుతుంది?" అని అడిగింది ఆవిడ.

ఆ కేసు ఆమె పేరు మీద ఉండిపోతుంది అన్నాడు లాయర్. రేపు ఎక్కడ అపార్ట్‌మెంట్ అడిగినా వాళ్ళు వెతికి చూస్తారు, కనబడుతుంది. ఉద్యోగం లేదు, ఓపీటీ గడువు కరిగిపోతోంది, పైన ఈ మచ్చ. ఇంకో దారి లేదా అంది ఆవిడ. ఉంది అన్నాడు లాయర్. అతను ఇప్పటిదాకా అద్దె ఇవ్వలేదు, సంతకం పెట్టలేదు. పిలిచిన మనిషే పోలీసు ఎదుట, ఇతను నా అతిథి, ఇంక ఉండటం నాకిష్టం లేదు అంటే సంగతి వేరుగా ఉండొచ్చు. అయితే అది ఆ అమ్మాయి నోటి నుంచే రావాలి, మీరు చెబితే చెల్లదు.

కారులో వస్తూ ఆవిడ ఒక్కటే అంది. "కోర్టుకెళ్ళడమే తేలిగ్గా ఉండేట్టుంది అమ్మాయ్."

అతను బయటికి వెళ్ళిన సమయం చూసి సింధుని కిందికి పిలిచింది. దాపరికం లేకుండా రెండు దారులూ చెప్పింది. నువ్వు అనాలి, లేదా నేను నీ మీద వెయ్యాలి. సింధు ముఖం పాలిపోయింది.

"నాతోని కాదు ఆంటీ. నన్ను అమెరికా పంపనని మా నాయిన మొండికేస్తె, నెల రోజులు ఇంటికి తిరిగి ఒప్పిచ్చింది అన్ననే. పో అని ఎట్ల అంట? మా ఇంట్ల తెలిస్తె నన్ను మనిషిలెక్క చూడరు."

"అనకపోతే నీ బతుకు ఆగిపోతుంది."

"మీ ఇల్లు కదా. మీరే అనండి."

"నేనంటే అది కేసు. నువ్వంటే సరిపోతుంది."

తర్వాత ఆవిడ చేసిన పని తల్చుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. వెళ్ళి సోఫాలో కూర్చుంది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని, రెండు కాళ్ళూ టీపాయ్ మీద చాపింది. టీవీ రిమోట్ ఫోన్‌లా చెవికి పెట్టుకుంది.

"నేను మీ అన్నని. చెప్పు."

సింధు ఫక్కున నవ్వింది. ఆంటీ నవ్వలేదు.

"చెప్పు."

"అన్నా... నీకు ఇక్కడ ఇబ్బందిగ ఉన్నట్టుంది."

"నాకేం ఇబ్బంది లేదు. బాగుంది."

"అన్నా, నా ఫ్రెండ్ వస్తుంది. రూమ్ కావాలె."

"రానీ. నేను హాల్లో పడుకుంటాను."

"అన్నా, ఆంటీ పొమ్మంటున్నరు."

"ఆంటీ సంగతి కోర్టులో చూసుకుంటా. నువ్వేమంటున్నావ్?"

సింధు నేల మీద కూలబడి మోకాళ్ళలో ముఖం పెట్టుకుంది. నేను లేవబోతే ఆంటీ చేత్తో ఆపింది. తను మాత్రం కాళ్ళు దించి, రిమోట్ పక్కన పెట్టి, కాసేపు తన చేతుల వైపు చూసుకుంది.

"ఈ ఇల్లు కొన్న కొత్తలో మా మరిది వచ్చాడు," అంది. "ఉద్యోగం దొరికేదాకా అని. మా ఆయన అనలేదు. తమ్ముడు కదా. నేనూ అనలేదు. నేను కోడల్ని కదా. మా అమ్మాయి గది ఇచ్చేశాం అతనికి. పిల్ల ఈ హాల్లోనే చదువుకుంది, ఇదిగో, ఈ సోఫాలోనే పడుకుంది. పెద్దమనిషైనప్పుడు కూడా దానికో తలుపంటూ లేదు. కాలేజీకని కాలిఫోర్నియా వెళ్ళింది, ఇంక ఇక్కడుండటానికి రాలేదు. మొన్న పురుటికెళ్ళినప్పుడు చూశాను, వాళ్ళింట్లో దాని గదికి లోపల్నించి రెండు గొళ్ళేలు పెట్టించుకుంది." ఆగింది. "మరిదిని పంపలేక మా పిల్లని పంపించుకున్నాం."

సింధు తలెత్తి చూసింది. ఆంటీ కళ్ళు పొడిగానే ఉన్నాయి. లేచి వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగించింది.

శనివారం పొద్దున ఆవిడే మళ్ళీ ఫోన్ చేసి పోలీసుని రప్పించింది. ఈసారి వచ్చినతను కుర్రవాడు, టోపీ చేత్తో పట్టుకుని హాల్లో నిలబడ్డాడు. అన్న సోఫాలోంచి లేచి నిలబడ్డాడు, అదే నవ్వు. ఆంటీ విషయం చెప్పింది. పోలీసు సింధు వైపు తిరిగి, ఈయన్ని పిలిచింది మీరేనా, ఈయన ఇక్కడ ఉండటం మీకిష్టమేనా అని అడిగాడు.

ఆంటీ పెదవులు బిగించి గోడకి ఆనుకుంది. ఆవిడకి అక్కడ మాట్లాడే హక్కు లేదు, ఇల్లంతా ఆవిడదే అయినా.

అన్న తెలుగులో అన్నాడు, పోలీసు ముందు ఏదో మామూలు సంగతి చెబుతున్నట్టు. "చిన్నీ, తొందరపడకు, సోంచాయించి చెప్పు. నిన్ను ఇక్కడికి పంపియ్యమని బాబాయ్‌ని ఒప్పిచ్చింది ఎవరు? రేపు ఇంట్ల ఏం చెప్తవ్?"

సింధు అతని వైపు చూడలేదు. పోలీసు బూట్ల వైపు చూస్తూ అంది.

"నో. ఐ డోంట్ వాంట్ హిమ్ హియర్."

పోలీసు తలాడించాడు. నేను ఊపిరి వదిలాను. అయిపోయిందనుకున్నాను. కానీ ఆంటీ గోడ దగ్గర్నుంచి కదిలింది.

"ఇంగ్లీషులో పోలీసుకి చెప్పావు. ఆయన కాసేపట్లో వెళ్ళిపోతాడు. మీ అన్నకి చెప్పు."

"ఆంటీ..."

"తెలుగులో చెప్పు తల్లీ. లేకపోతే రేపు మళ్ళీ వస్తాడు, నువ్వు మళ్ళీ అన్నం పెడతావు."

సింధు తల తిప్పింది. అతని ముఖంలోకి చూసి అంది.

"అన్నా, పో. ఇయ్యాలనే పో. మల్ల రాకు."

అతని నవ్వు అప్పుడు పోయింది. అరవలేదు, తిట్టలేదు. ఏదో అనబోయి, చెల్లెలి ముఖం చూసి మానుకున్నాడు. పోలీసు కాపలాగా ఉండగా సూట్‌కేసులు సర్దుకున్నాడు. స్నేహితుడెవరో కారు తెచ్చాడు. రైస్ కుక్కర్ చంకలో పెట్టుకుని, గుమ్మంలో వంగి లేసులు కట్టుకుంటుంటే నాకు జాలేసింది కూడా. ఉద్యోగం పోయినవాడే కదా, ఎక్కడో తల దాచుకోవాలి కదా అనిపించింది. తాళం చెవి స్టాండు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆంటీ మెయిల్ బాక్స్ దగ్గరికి వెళ్ళి ఆ కాగితం ముక్క గోటితో గీకి తీసేసింది.

మధ్యాహ్నం ఎవరమూ సరిగ్గా తినలేదు. ఆంటీ వంటింటి గట్టు దగ్గర నిలబడి బీన్స్ తరుగుతోంది. సింధు టేబుల్ దగ్గర కూర్చుని ఉంది, ఎదురుగా ఫోన్. అది మోగింది. అమ్మ అని పడింది. కరీంనగర్‌లో అప్పటికి అందరూ నిద్రపోయే వేళ, అయినా ఫోన్ వచ్చిందంటే వార్త చేరిపోయిందన్నమాట. సింధు దాన్ని ముట్టుకోలేదు. ఆగిపోయింది. మళ్ళీ మోగింది.

"పోలీసు ముందు అన్న గాని అమ్మ ముందు అనలేను," అంది సింధు. "పెదనాన్న వాళ్ళు మా ఇంటికి రారు ఇగ. అమ్మ చచ్చిపోతది ఆంటీ."

ఆంటీ కొంగుతో చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది. స్పీకర్ నొక్కింది.

"నమస్తే అమ్మా. నేను ఇంటి ఓనర్ని."

"ఏందమ్మా ఇది," అంది అవతలి గొంతు, ఏడుస్తూ. "మా పిలగాన్ని పోలీసులతోని ఎల్లగొట్టిచ్చిన్రట. మా పొల్లనే పో అన్నదట. మా పొల్ల అట్ల అనే పిల్ల కాదు."

"కాదమ్మా. నేనే అనిపించాను."

సింధు తలెత్తింది.

"నువ్వు అనకపోతే నిన్ను కూడా బయటికి గెంటేస్తాను, కేసు పెడతాను, నీకు ఈ దేశంలో ఇల్లు దొరక్కుండా చేస్తాను అన్నాను. మీ అమ్మాయి నా చేతులు పట్టుకుని బతిమాలింది, మా అన్నని ఉండనివ్వండాంటీ అని. ఏడ్చింది. నేను వినలేదు. పొద్దున్నుంచి అన్నం కూడా ముట్టలేదు పిల్ల."

అవతల ఒక్కసారిగా తిట్లు మొదలయ్యాయి. నువ్వు ఆడదానివేనా, ఇంటికొచ్చిన పిల్లగాన్ని రోడ్డు మీద పడేస్తవా, నీ ఇల్లు నువ్వే కట్టుకొని ఊరేగు, నీకు పిల్లలు లేరా.

"ఉందమ్మా. ఒక కూతురు," అంది ఆంటీ.

"ఆమెకు గిట్లనే అయితె తెలుస్తది నీకు. పొల్లకియ్యి ఫోను."

ఆంటీ ఫోన్‌ని అరచేత్తో మూసి సింధు ముందు పెట్టింది. గొంతు తగ్గించి అంది. "మాట్లాడు. నన్ను నాలుగు తిట్టు. లేకపోతే నమ్మరు."

సింధు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. కళ్ళ వెంట ధారగా నీళ్ళు. "అవ్ అమ్మా," అంది. "ఆంటీ అసలు మంచిది కాదమ్మా."

ఆంటీ బీన్స్ వైపు తిరిగి కత్తి తీసుకుంది. వెనక్కి చూడకుండానే, ఇంకొంచెం అన్నట్టు ఎడమ చెయ్యి ఊపింది.